స్ట్రోలర్ కొనేముందు మీ మెట్లు, లిఫ్టు, వీధి ఒకసారి చూసుకోండి

సీమంతం అయ్యిందో లేదో, రాత్రి పడుకునే ముందు ఫోన్ పట్టుకుని స్ట్రోలర్లు, అంటే బిడ్డని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండ్లు, చూడటం మొదలవుతుంది. నాలుగు వేల నుంచి లక్ష దాటిన వాటి దాకా ఉంటాయి, దాదాపు దేనికీ నాలుగు స్టార్లకు తక్కువ ఉండవు, ప్రతి ఫొటోలో బిడ్డ నవ్వుతూనే ఉంటుంది, చూసి చూసి కళ్ళు లాగేసరికి రంగు బాగున్నదాన్ని ఆర్డర్ పెట్టేస్తాం. అసలు చూడాల్సింది ఫోన్లో లేదు. మీ ఫ్లాట్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి, బిడ్డని రోజూ తిప్పాలనుకునే చోటి దాకా ఒకసారి నడవండి. ఎన్ని మెట్లు దిగారు, లిఫ్ట్ తలుపు ఎంత వెడల్పు తెరుచుకుంది, గేటు బయట ఉన్నది సీసీ రోడ్డా లేక పైపులైను కోసం తవ్వి వదిలేసిన రోడ్డా, కారు డిక్కీలో ఎంత జాగా ఉంది, ఆ బండిని ఎత్తేది ఎవరు. ఇవి తెలిస్తే మార్కెట్లో ఉన్నవాటిలో చాలా మటుకు మీకు పనికిరావని అక్కడే తేలిపోతుంది.

తొందరపడి ముందే కొనకండి

మన దగ్గర స్ట్రోలర్ డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. కాన్పుకి ముందే కొంటారు, కాన్పుకి పుట్టింటికి వెళ్తారు. ఉద్యోగం హైదరాబాద్‌లో, కాన్పు ఖమ్మంలోనో గుంటూరులోనో అమ్మ దగ్గర, మూడో నెలకో ఐదో నెలకో మంచిరోజు చూసుకుని బిడ్డతో తిరిగి రావడం. అన్నాళ్ళూ ఆ బండి మియాపూర్ ఫ్లాట్‌లో అట్టపెట్టెలోనే ఉంటుంది, రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోతుంది, వారంటీ లెక్క బిల్లు తేదీ నుంచే కాబట్టి అదీ కరుగుతూ ఉంటుంది. తీరా విప్పాక ముందు చక్రం పట్టేస్తోందని తెలిస్తే షాపువాణ్ణి అడగడానికి నోరు రాదు. బిడ్డ పుట్టకముందే వస్తువులు కొనకూడదని మన ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంటుంది కదా, ఈ ఒక్క విషయంలో ఆ పట్టింపు జేబుకి చాలా మంచిది.

"ఎత్తుకోడానికి మేమంతా లేమా, బండెందుకమ్మా?" అని అత్తగారు అంటే కొట్టిపారేయకండి, ఆ మాటలో నిజం ఉంది. మొదటి మూడు నాలుగు నెలలు బిడ్డ బయటికి వెళ్ళేది టీకాలకే, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, అప్పుడు కూడా ఒళ్ళో పెట్టుకునే వెళ్తాం. స్ట్రోలర్ అసలు అవసరం మొదలయ్యేది బిడ్డ బరువు ఆరేడు కిలోలు దాటి, అమ్మమ్మ నడుము పట్టేసి, అమ్మ తిరిగి ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం బిడ్డని కిందకి దింపకపోతే ఏడుపు ఆగని రోజుల్లో. ఆ లోపలే కావాల్సిన వాళ్ళూ ఉంటారు. ఇంట్లో ఇద్దరే ఉన్నవాళ్ళు, కవలలు పుట్టినవాళ్ళు, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఉండి పొద్దున్నే అరగంట నడిచే అలవాటున్నవాళ్ళు. వాళ్ళు ముందే కొనుక్కోవచ్చు, కానీ సిజేరియన్ అయితే కొన్ని వారాల పాటు బిడ్డ కంటే బరువైనవి ఎత్తొద్దని డాక్టర్లు చెప్తారు కాబట్టి, పది కిలోల బండిని డిక్కీలోకి ఎత్తేది బిడ్డ తల్లి కాదని మాత్రం ముందే అనుకోండి.

ఇంకో సంగతి. షాపులో స్ట్రోలర్ పక్కనే వాకర్ కూడా పెడతారు, రెండూ కలిపి కొంటే డిస్కౌంట్ అంటారు. వాకర్ వద్దు. మెట్ల మీంచి పడటం, పొయ్యి దాకా వెళ్ళిపోవడం లాంటి ప్రమాదాల వల్ల కెనడాలో 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించారు, అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఎప్పటి నుంచో నిషేధించమనే అడుగుతోంది, పైగా దానివల్ల నడక తొందరగా రాదు.

ఆరు నెలల లోపు బిడ్డకైతే

ఇక్కడ రాజీ పడకూడనిది ఒకటే, సీటు పూర్తిగా వెనక్కి వాలి చదునుగా అవ్వాలి. మెడ నిలబడని బిడ్డని కూర్చున్నట్టు పెడితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, ఊపిరి వెళ్ళే దారి మూసుకుపోతుంది, ఏడవడానికి కూడా గాలి ఉండదు కాబట్టి మనకి తెలియదు. పెట్టె మీద "0 నెలల నుంచి" అని ఉంటే చాలదు, షాపులో సీటు మొత్తం వాల్చి చూడండి, మధ్యలో ఊయల గుడ్డలాగా కుంగుతుంటే అది చదును కాదు. కొన్నింటికి విడిగా ఒక తొట్టి లాంటిది, దాన్ని బాసినెట్ అంటారు, పైన బిగించుకునేలా వస్తుంది, అది చాలా బాగుంటుంది గానీ నాలుగైదు నెలలకే బిడ్డ దాంట్లో పట్టదు, ఆ నాలుగైదు నెలలూ మీరు పుట్టింట్లోనే ఉంటే దానికి పెట్టిన డబ్బు దండగ. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, బరువు తక్కువ ఉన్న బిడ్డ అయితే ఎప్పటి నుంచి స్ట్రోలర్‌లో పెట్టొచ్చో మీ డాక్టర్నే అడగండి.

ఈ వయసులో బిడ్డ మొహం మన వైపు ఉండాలి. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పేవి, లేదా సీటు తీసి తిప్పి పెట్టేవి దొరుకుతాయి. హ్యాండిల్ తిప్పేవి చవక, కానీ తిప్పినప్పుడు గిరగిరా తిరిగే చక్రాలు వెనక్కి, బిగుసుకున్న చక్రాలు ముందుకి వచ్చేస్తాయి, అలా తోస్తే మలుపు దగ్గర మొండికేస్తుంది. షాపులో రెండు వైపులా తోసి చూస్తేనే ఇది తెలుస్తుంది.

స్ట్రోలర్‌లో నిద్రపోతే పోనివ్వండి, పక్కన మనం ఉండాలి, సీటు వాల్చి ఉండాలి, ఇంటికి రాగానే తీసి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. రాత్రంతా అందులోనే పడుకోబెట్టడం, ఉయ్యాలకి బదులు అదే వాడేయడం వద్దు.

ఏ రకం ఎవరికి

సన్నగా గొడుగులా ముడుచుకునే స్ట్రోలర్ ఒక రకం. దీన్ని 1965లో ఓవెన్ మక్లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు తయారుచేశాడు, అంతకుముందు ఆయన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల భాగం మీద పనిచేశాడు, అల్యూమినియం గొట్టాలతో తేలిగ్గా ముడుచుకునేలా చేయగలిగింది ఆ అనుభవంతోనే. బరువు తక్కువ, చవక, కానీ చాలావాటికి సీటు పూర్తిగా వాలదు, అంటే ఆరు నెలలు దాటాకే. రెండోది ఇప్పుడు అందరూ అడుగుతున్న కాంపాక్ట్ రకం, ఆరు నుంచి ఎనిమిది కిలోలుంటుంది, చిన్న సూట్‌కేసంత అవుతుంది, కొన్నింటిని ట్రాలీలా లాక్కుంటూ కూడా వెళ్ళొచ్చు. మూడోది పెద్దది, తొమ్మిది నుంచి పదమూడు కిలోల దాకా, మెత్తటి సీటు, పెద్ద చక్రాలు, కింద పెద్ద బుట్ట. లిఫ్ట్ ఉండి, గేటు లోపలే చక్కటి దారి ఉన్న కొల్లూరు, నార్సింగి వైపు టవర్లలో ఉండేవాళ్ళకి ఇది హాయి. రెండో అంతస్తులో, లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇది వారంలో బాల్కనీకి చేరుతుంది.

కారు సీటుతో కలిపి వచ్చే ట్రావెల్ సిస్టమ్ సొంత కారున్నవాళ్ళు ఆలోచించాల్సిందే, ఎందుకంటే కారులో బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ప్రమాదం, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. అయితే ఆ కారు సీటుని స్ట్రోలర్ మీద బిగించి బిడ్డని గంటల తరబడి అందులోనే ఉంచకండి, అది ప్రయాణానికే, చదునుగా ఉండదు. మూడు చక్రాల జాగింగ్ స్ట్రోలర్ మన ఫుట్‌పాత్‌ల మీద జాగింగ్ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి. కవలలకి పక్కపక్కన కూర్చోబెట్టే బండి కొనేముందు లిఫ్ట్ తలుపు టేపుతో కొలవండి, ముఖ్యంగా గ్రిల్ లాగే పాత లిఫ్టులున్న చోట. ఒకరి వెనక ఒకరు కూర్చునేది లోపలికి పడుతుంది గానీ పొడుగు వల్ల లిఫ్ట్‌లో ఇంకెవరూ ఎక్కలేరు, అప్పుడు తిట్లు మీకే.

చక్రాలు, హైదరాబాద్ రోడ్లు

నన్నడిగితే సగం డబ్బు చక్రాలకే పెట్టాలి. మాల్ ఫ్లోర్ మీద ఏ బండైనా జారిపోతుంది, ఇనార్బిట్‌లో తోసినప్పుడు లక్ష రూపాయల బండికీ ఐదు వేల బండికీ తేడా కనిపించదు. అదే బండిని మీ కాలనీలో స్పీడ్ బ్రేకర్ మీదుగా, ఇంటర్‌లాకింగ్ టైల్స్ ఊడిపోయిన ఫుట్‌పాత్ మీదుగా, మ్యాన్‌హోల్ మూత దగ్గర రెండంగుళాల ఎత్తు మీదుగా తొయ్యండి, అప్పుడు తెలుస్తుంది. చిన్న, గట్టి ప్లాస్టిక్ చక్రం చిన్న రాయి అడ్డొస్తేనే టక్కున ఆగిపోతుంది, మనం ముందుకే వెళ్తుంటాం, బండి ముందుకు తూలుతుంది. చక్రం ఎంత పెద్దదైతే గుంతలు అంత తేలిగ్గా దాటుతుంది. గాలి చక్రాలు అన్నిటికంటే మెత్తన, కానీ పంక్చర్ పడతాయి, సైకిల్ షాపు వెతుక్కుంటూ తిరిగే ఓపిక ఉంటేనే. లోపల ఫోమ్ నింపిన రబ్బరు చక్రాలు మనకి సరిపోయే మధ్యేమార్గం. వాటికి తోడు నాలుగు చక్రాలకీ స్ప్రింగ్ సస్పెన్షన్ ఉందో లేదో చూడండి, హ్యాండిల్ మీద చేయి పెట్టి కిందికి నొక్కితే బండి కాస్త దిగి పైకి లేవాలి.

ముందు చక్రాలు చుట్టూ తిరగాలి, కావాలంటే లాక్ కూడా అవ్వాలి. కంకర మీద, మట్టి మీద లాక్ వేస్తేనే బండి నేరుగా వెళ్తుంది. ఎక్కడైనా మరీ ఎగుడుదిగుడు ఉంటే బండిని వెనక్కి తిప్పి లాగడం తేలిక, పెద్ద చక్రాలు ముందుగా దాటుతాయి.

తిప్పే చోటు బట్టి కూడా మారుతుంది. నెక్లెస్ రోడ్డు పక్కన, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ లాంటి చోట్లకి కారులో వెళ్ళి తిప్పేవాళ్ళయితే బండి ముడిచినప్పుడు డిక్కీలో పట్టడమే పెద్ద విషయం, చక్రాలు మామూలువైనా నడుస్తుంది. అమీర్‌పేట, చిక్కడపల్లి లాంటి చోట ఇంటి ముందే తోసుకుంటూ పాల ప్యాకెట్‌కి వెళ్దామనుకుంటే ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నచోట బైకులుంటాయి, అక్కడ నిజం చెప్పాలంటే స్ట్రోలర్ కంటే ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియర్ మేలు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాళ్ళకి ఇంకో గొడవ, ఎత్తుపల్లాలు. పల్లంలో చేయి జారితే బండి ఆగదు కాబట్టి హ్యాండిల్‌కి మణికట్టు పట్టీ ఉన్నది తీసుకోండి, రోజూ వేసుకోండి.

ముడవడం, ఎత్తడం, క్యాబ్ ఎక్కించడం

ప్రకటనలో ఒక్క చేత్తో టక్కున ముడిచేస్తారు. మీరు షాపులో ముడిచినప్పుడు ఎడం చంకలో ఐదు కిలోల బరువు పెట్టుకుని ముడవండి, బ్యాగ్ అయినా సరే, ఎందుకంటే ఇంటి దగ్గర ఆ చంకలో బిడ్డ ఉంటుంది. ఇంట్లో రోజూ తిప్పేది అమ్మమ్మో నానమ్మో అయితే వాళ్ళనే షాపుకి తీసుకెళ్ళండి, బటన్ నొక్కడానికి వేలి బలం చాలుతుందా, వంగకుండా బ్రేక్ వేయగలుగుతున్నారా, హ్యాండిల్ వాళ్ళ ఎత్తుకి సరిపోతోందా అని వాళ్ళే చూసుకుంటారు. హ్యాండిల్ బొడ్డు ఎత్తుకి దగ్గరగా ఉంటే నడుము వంగదు. ఇంట్లో ఒకరు ఆరడుగులు, ఇంకొకరు ఐదడుగులు అయితే ఎత్తు మార్చుకునే హ్యాండిల్ తప్పదు.

క్యాబ్‌లో తిరిగేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మన సిటీలో క్యాబ్‌లు చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, దాంతో సగం జాగా పోతుంది. పెద్ద స్ట్రోలర్ దానిపైన పట్టదు, డ్రైవరన్న ముందు సీట్లో పెట్టమంటాడు, అది అక్కడా పట్టదు, ఎండలో బిడ్డతో మీరు రెండో క్యాబ్ బుక్ చేస్తూ నిలబడతారు. ఆటోలో అయితే కాళ్ళ దగ్గర నిలబెట్టగలిగే కాంపాక్టే. సొంత కారైనా డిక్కీ పొడుగు, ఎత్తు కొలిచి రాసుకుని షాపుకి వెళ్ళండి, వీలైతే షాపు పార్కింగ్‌లోనే ఒకసారి పెట్టి చూడనివ్వమని అడగండి, చాలామంది కాదనరు.

ముడిచేటప్పుడు బిడ్డ చేతులు దగ్గర్లో లేకుండా చూసుకోండి. మడత కీళ్ళలో పిల్లల వేళ్ళు నలిగి తెగిన సంఘటనల వల్ల 2009లో అమెరికాలో మక్లారెన్ కంపెనీ దాదాపు పది లక్షల స్ట్రోలర్లకి కీళ్ళ మీద కప్పే తొడుగులు పంపాల్సి వచ్చింది. కీళ్ళ దగ్గర ఖాళీలు కప్పి ఉన్నాయా అని వేలు పెట్టి తడిమి చూడండి. విప్పాక లాక్ పడిన చప్పుడు వినపడాలి, ఒకసారి కిందికి నొక్కి చూశాకే బిడ్డని కూర్చోబెట్టాలి.

బెల్టు, బ్రేకు, బుట్ట

బెల్టు ఐదు చోట్ల బిగేది కావాలి, రెండు భుజాల మీద, రెండు నడుము పక్కన, ఒకటి కాళ్ళ మధ్య. నడుము దగ్గర మాత్రమే ఉన్నవాటిలో పిల్లలు లేచి నిలబడతారు, కిందికి జారిపోతారు కూడా. భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో ఉండాలి, పట్టీకీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత బిగువు చాలు. బకిల్ మనకి తేలిగ్గా, పిల్లలకి కష్టంగా రావాలి. కాళ్ళ మధ్య పట్టీ చిన్నదైతే బొద్దుగా ఉన్న పిల్లలకి తొడలు కోసుకుంటాయి, అది చూసుకోండి.

బ్రేకు ఒక్క పెడల్‌తో రెండు వెనక చక్రాలకీ పడేది మంచిది. చెరో చక్రానికీ వేరే ఉంటే హడావుడిలో ఒకటి వేసి ఒకటి మర్చిపోతాం. చెప్పులతో వేసి తీసేలా ఉండాలి, మనం ఇంట్లోంచి కిందికి దిగేది చెప్పులతోనే. కొన్నింటికి బ్రేకు తీయాలంటే పాదం పైభాగంతో పెడల్ ఎత్తాలి, చెప్పుల్లో అది నరకం. షాపులో ర్యాంపు ఉంటే బరువు పెట్టి, బ్రేకు వేసి, వదిలి చూడండి.

ఇక అందరూ చేసే పని, హ్యాండిల్‌కి సంచులు తగిలించడం. రైతు బజార్‌కి వెళ్ళి మూడు కిలోల ఉల్లిపాయలు, ఆకుకూరలు, ఒక సొరకాయ హ్యాండిల్‌కి వేలాడదీస్తాం, బిడ్డ కూర్చున్నంతసేపు ఏమీ కాదు, బిడ్డని ఎత్తుకోగానే బండి వెనక్కి వెల్లకిలా పడుతుంది. బిడ్డ తేలికైతే కూర్చుని ఉండగానే పడొచ్చు. బరువులన్నీ కింద బుట్టలోనే. అందుకే బుట్ట ఎంత పెద్దది, సీటు వాల్చినప్పుడు దాంట్లోకి చేయి వెళ్తుందా, ఎన్ని కిలోలు మోస్తుందని రాశారు, ఇవి చూడాలి. చాలా కాంపాక్ట్ బండ్లలో బుట్ట పేరుకే ఉంటుంది.

బిడ్డ బరువు పరిమితి కూడా చదవండి. ఎక్కువగా 15 కిలోలుంటుంది, కొన్నింటికి 22. మూడేళ్ళ పిల్లలు సగటున 14 కిలోల దగ్గర ఉంటారు కాబట్టి మామూలుగా 15 సరిపోతుంది. పరీక్షలు పాసైందో లేదో తెలియాలంటే యూరప్ ప్రమాణం ఈఎన్ 1888, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్833, ఈ రెండిట్లో ఏదో ఒకటి పెట్టె మీదో మాన్యువల్లోనో రాసి ఉందేమో చూడండి.

మన ఎండ, మన దోమలు

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది, యూరప్ చలికి తయారుచేసిన మందపాటి మెత్తల సీటు ఆ వేడికి బిడ్డ వీపుని ఉడకబెడుతుంది. వీపు దగ్గర, పక్కల జాలీ గుడ్డ ఉండాలి, గాలి ఆడాలి. సీటు కవర్ మొత్తం ఊడదీసి ఉతుక్కునేలా ఉండాలి, కక్కు, పాలు, రస్కు ముక్కలు, చెమట అన్నీ దాని మీదే. రెక్సిన్ సీటు తుడవడం తేలిక అంటారు, మన వాతావరణానికి దాన్ని ముట్టుకోకండి. రంగు విషయంలో కూడా నలుపు, ముదురు నీలం ఎండలో ఎక్కువ వేడెక్కుతాయి, బూడిద రంగు మరకలు కనపడనివ్వదు, వేడీ తక్కువ, నా ఓటు దానికే.

పైన గొడుగు పెద్దగా, బిడ్డ మోకాళ్ళ దాకా వచ్చేలా ఉండాలి. గొడుగు చాలట్లేదని చున్నీ గానీ పంచె గానీ బండి మొత్తం కప్పేస్తుంటారు, అది చేయకండి. పల్చటి గుడ్డ అయినా సరే, పొడిగా కప్పితే గాలి ఆగి లోపల వేడి తొందరగా పెరుగుతుంది, బిడ్డ మనకి కనపడదు. నీడ కావాలంటే గొడుగుకి క్లిప్పుతో తగిలించే షేడ్ వాడండి, పక్కలు తెరిచి ఉంచండి, అసలు మంచి పని పొద్దున తొమ్మిది తర్వాత సాయంత్రం ఐదు దాకా బయటికి తీయకపోవడం. ఎండలో ఉంచిన బండిలో కూర్చోబెట్టేముందు బెల్టు బకిల్‌ని చేత్తో ముట్టి చూడండి, కాలుతుంది.

వానాకాలం నుంచి డెంగీ భయం మొదలవుతుంది, సాయంత్రం పార్కులో దోమతెర లేకుండా కుదరదు. కొన్నింటితో పాటే వస్తుంది, లేకపోతే విడిగా కొనండి, బండి చుట్టూ ఎలాస్టిక్‌తో బిగుసుకునేది. రెయిన్ కవర్ మాత్రం వాన పడుతున్నప్పుడే, ఆగగానే తీసేయాలి, ప్లాస్టిక్ కదా, గాలి ఆడదు.

మెట్రో, విమానం

మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, వీల్‌చైర్ల కోసం పెట్టిన వెడల్పు గేటు ఉంటుంది, స్టాఫ్‌ని అడిగితే తీస్తారు. ఎస్కలేటర్ మీదికి స్ట్రోలర్ ఎక్కించకండి, ఎంత అలవాటున్నా, ఎంత తొందరున్నా, మాల్‌లో అయినా సరే. అమీర్‌పేటలో లైన్ మారాల్సి వస్తే ఆఫీసు వేళలు తప్పించండి, ఆ జనంలో బండి తోయడం మీకూ శిక్షే, వాళ్ళకీ శిక్షే.

విమానం కోసమే కాంపాక్ట్ కొంటున్నవాళ్ళు ముడిచిన కొలతలు చూడాలి. మన దేశంలో క్యాబిన్ బ్యాగుకి సాధారణంగా 55, 35, 25 సెంటీమీటర్లు, 7 కిలోలు అంటారు. కొలతలు సరిపోయినా పైన పెట్టనిస్తారా లేదా అన్నది ఆ ఎయిర్‌లైన్ ఇష్టం, టికెట్ బుక్ చేసినప్పుడే అడగండి. లోపలికి తీసుకెళ్ళలేకపోతే శంషాబాద్‌లో చెక్-ఇన్ దగ్గర ట్యాగ్ వేయించుకుని విమానం తలుపు దాకా బిడ్డని బండిలోనే తీసుకెళ్ళే వీలుంటుందేమో అడగండి. దిగాక అది విమానం తలుపు దగ్గర ఇస్తారా, సామాన్లు వచ్చే బెల్టు మీద వస్తుందా అని కూడా అడగాలి, లేకపోతే ఆ పొడుగాటి దారి అంతా చంకలోనే. కవర్ సంచి ఒకటి వేసి ఇవ్వండి, లేదంటే గీతలు ఖాయం.

ఎంత పెట్టొచ్చు, ఎక్కడ చూడొచ్చు

ఐదారు వేలలో లవ్‌ల్యాప్, బేబీహగ్, మీ మీ లాంటి బ్రాండ్లలో పనికొచ్చే మామూలు స్ట్రోలర్లు దొరుకుతాయి, ఎనిమిది నుంచి పదిహేను వేల మధ్య ఆర్ ఫర్ ర్యాబిట్ లాంటి వాటిలో కాంపాక్ట్‌లు, ఆపైన చికో, జోయీ, గ్రాకో వైపు వెళ్తాయి. ధరలు పండగ సేల్స్‌లో బాగా ఊగుతాయి కాబట్టి ఎమ్మార్పీ మీద 50 శాతం తగ్గింపు అంటే మురిసిపోకండి, ఆ ఎమ్మార్పీకి ఎవరూ ఎప్పుడూ కొనరు. మామూలు హైదరాబాద్ కుటుంబానికి, అంటే లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్, ఒక చిన్న కారు, అప్పుడప్పుడు ఊరికి ప్రయాణం, నా సలహా పూర్తిగా వాలే సీటున్న, ఏడెనిమిది కిలోల కాంపాక్ట్, పది వేల చుట్టుపక్కల. ఇరవై వేలు దాటి పెట్టాలంటే రోజూ గంట నడిచే మనిషి అయ్యుండాలి.

ఆన్‌లైన్‌లో కొన్నా పర్లేదు, కానీ ముందు షాపుకి వెళ్ళి తోయండి. ఖాళీ బండి తోస్తే ఏమీ తెలియదు, పక్కనున్న డైపర్ ప్యాకెట్లు నాలుగు సీట్లో వేసి, ఒక్క చేత్తో, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. ఒక చక్రం గాల్లో ఉంటోందా, చప్పుడొస్తోందా, పక్కకి లాగుతోందా చూడండి. విడిభాగాలు, ముఖ్యంగా చక్రాలు, హైదరాబాద్‌లోనే దొరుకుతాయా అని అడగండి, ఢిల్లీకి కొరియర్ చేయమంటే అది సర్వీసు కింద లెక్క కాదు.

సెకండ్ హ్యాండ్‌కి నేను పూర్తిగా అనుకూలం. గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపుల్లో, ఓఎల్ఎక్స్‌లో సగం ధరకి, అట్టపెట్టెతో సహా దొరుకుతాయి, ఎందుకు దొరుకుతాయో పైన చెప్పిందే, కొన్నవాళ్ళలో చాలామంది వాడరు. చూడాల్సినవి బ్రేకు, బెల్టు బకిల్, మడత లాక్, చక్రాల ఊగిసలాట. బాల్కనీలో ఎండకి ఏళ్ళ తరబడి పడున్నదైతే ప్లాస్టిక్ పెళుసుగా అయిపోతుంది, రంగు వెలిసిన కీళ్ళని గట్టిగా వంచి చూడండి. బెల్టు పోతే బయట కుట్టించుకుందాంలే అని తీసుకోకండి, అసలు కంపెనీ బెల్టు దొరికితేనే. కానీ కారు సీటు మాత్రం తెలిసినవాళ్ళ దగ్గర తప్ప సెకండ్ హ్యాండ్ వద్దు, ఒకసారి యాక్సిడెంట్‌లో దెబ్బతిన్నది బయటికి బాగానే కనపడుతుంది.

తెచ్చుకున్నాక చూసుకోవాల్సింది కొంచెమే. నెలకోసారి చక్రాల ఇరుసుల్లో చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తెరతో తీసేయండి, మన ఇళ్ళల్లో బండి పట్టేయడానికి పెద్ద కారణం అవే. కీచుమంటే కొబ్బరి నూనె వేయకండి, దుమ్ము పట్టి జిగురు కడుతుంది, సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టి గుడ్డతో తుడవండి. వానలో తడిస్తే విప్పి పెట్టి ఆరనివ్వాలి, తడిగా ముడిచి డిక్కీలో వదిలేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆ వాసన ఎన్ని ఉతుకులకీ పోదు. స్క్రూలు, నట్లు అప్పుడప్పుడూ బిగించండి. బిల్లు ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి, వారంటీకి అడిగేది మొదట అదే, అమ్ముకునేటప్పుడు కొనేవాళ్ళు అడిగేదీ అదే.